పాత కారుకు కొత్త భాగం వేశాక వచ్చే తిప్పలు

అంబాసిడర్ తయారీ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014 మే నెలలో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు పదేళ్లకు పైగా ముందే వెళ్లిపోయింది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ 1970ల మొదట్లోనే ఆగింది. అయినా ఈ రోజు రాజమహేంద్రవరంలోనో భీమవరంలోనో స్పేర్ పార్ట్స్ షాపుకు వెళ్లి అంబాసిడర్‌కు బ్రేకుల వీల్ సిలిండర్ కిట్టు కావాలని అడిగితే, కాసేపు వెతికి, మెరిసే అట్టపెట్టెలో కొత్తది తెచ్చి చేతిలో పెడతారు. కారు తయారీ ఎప్పుడో ఆగిపోయింది, దాని భాగం మాత్రం నిన్న మొన్న తయారైంది. దీన్ని ఎవరు చేశారు? ఏ నమూనా చూసి చేశారు? చేశాక ఎవరైనా పరీక్షించారా? పాత కారును మళ్లీ నిలబెట్టే పని పెట్టుకున్నవారు డబ్బు తీసి ఇచ్చే ముందు అడగవలసిన ప్రశ్నలివి.

డెల్టా ఊళ్లలో ఇలాంటి కార్లు పెంకుటిళ్ల చావిళ్లలోనూ, రైసు మిల్లుల గోడౌన్లలోనూ, కొబ్బరి తోటల్లోని రేకుల షెడ్లలోనూ ఇంకా కనిపిస్తాయి. తాతగారు కొన్న కారును మనవడు మళ్లీ రోడ్డెక్కించాలనుకుంటాడు. తుప్పు పట్టిన చోట్ల కోయించి కొత్త రేకు వేయిస్తాడు, ఇంజను బోరింగు చేయిస్తాడు, రంగు వేయిస్తాడు. లక్షలు ఖర్చవుతాయి. అంతా అయ్యాక కారు సగం దారిలో ఆగిపోతుంది. వెతగ్గా వెతగ్గా దానికి కారణం రెండు మూడు వందల రూపాయల కొత్త వస్తువని తేలుతుంది. ఈ పనిలో దిగినవారిలో ఈ అనుభవం లేనివారు అరుదు. అందుకే గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. కారులో కొత్తగా ఇబ్బంది తలెత్తితే అన్నిటికంటే ముందు అనుమానించవలసింది ఈ మధ్య వేసిన కొత్త భాగాన్నే. అది తన పనితనం చూపించేదాకా పాతదాన్ని పారేయకూడదు.

పాలకొల్లు దగ్గర ఒక షెడ్డులో చూసిన సంగతి చెబుతాను. మార్క్ 3 అంబాసిడర్ అది. చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫుకే స్టార్టయ్యేది. నరసాపురం వైపు కొంత దూరం వెళ్లి ఇంజను బాగా వేడెక్కగానే మిస్సింగు మొదలై ఆగిపోయేది. కాసేపు నీడలో ఉంచితే మళ్లీ మామూలే. పెట్రోలు పైపులోనే ఆవిరైపోతోందేమోనని పైపుకు తడిగుడ్డ చుట్టారు. కార్బ్యురేటర్ విప్పి కడిగారు. పెట్రోలు పంపు మార్చారు, కాయిల్ మార్చారు. డెల్కో (కాయిల్ నుంచి వచ్చే కరెంటును ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్) మూత తీసిన ప్రతిసారీ, లోపల తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకూ ఆ కరెంటును అందించే రోటర్ ఎదురుగా కనిపిస్తూనే ఉంది. దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. "అది మొన్ననే వేశామండీ, కొత్తదే" అన్నాడు మెకానిక్కు.

చివరికి పెద్ద మేస్త్రీ వచ్చి, కారు వేడిమీద ఆగిపోయి ఉండగానే, పెట్రోలు వాసన ఏమీ లేదని చూసుకుని, డెల్కో మూత తీశారు. కాయిల్ నుంచి ఆ మూత మధ్యకు వచ్చే లావు వైరును ఊడదీశారు. ఇన్సులేషన్ ఉన్న పటకారుతో ఆ వైరు కొసను రోటర్ పైనున్న ఇత్తడి రేకుకు మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో పట్టుకుని, ఇగ్నిషన్ వేసి ఇంజను తిప్పమన్నారు. రోటర్ మంచిదైతే అక్కడ నిప్పురవ్వ నిలకడగా దూకకూడదు. ఇత్తడి రేకుకూ కింది ఇరుసుకూ మధ్య ఉన్న ప్లాస్టిక్కు కరెంటును ఆపేయాలి. ఇక్కడ మాత్రం నీలిరంగు రవ్వ ఆగకుండా టపటపలాడింది. ప్లగ్గులకు చేరవలసిన వేల వోల్టుల కరెంటు రోటర్ పొట్టలోంచి ఇరుసులోకి దిగి, ఇంజను బాడీలో కలిసిపోతోంది. డ్యాష్‌బోర్డు అరలో పడి ఉన్న పాత రోటర్‌ను గుడ్డతో తుడిచి పెట్టగానే కారు నడిచింది. కొత్త రోటర్‌ను రంపంతో అడ్డంగా కోస్తే సంగతి కళ్లకు కట్టింది. ఇత్తడి రేకును పట్టి ఉంచే రివెట్టు ప్లాస్టిక్కులోకి బాగా లోతుగా దిగింది. దాని కొసకూ ఇరుసు దూరే రంధ్రానికీ మధ్య మిగిలింది పలచటి పొర. చల్లగా ఉన్నప్పుడు ఆ పొర ఎలాగో ఆపగలిగింది, వేడెక్కాక చేతులెత్తేసింది. లూకాస్ తరహా డెల్కోలకు బయటి తయారీ రోటర్లలో ఈ లోపం ఉంటోందని పాత కార్లవాళ్లకు చాలా దేశాల్లో తెలుసు.

డెల్కోలోని పాయింట్లు (కాయిల్‌కు కరెంటును కలుపుతూ తెంచే చిన్న స్విచ్చు) కాలిపోకుండా కాపాడే కండెన్సర్‌దీ ఇదే తీరు. ఈ కార్లకు సుమారు 0.2 మైక్రోఫారడ్ల కండెన్సర్ కావాలి. మల్టీమీటరుతో చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే చవక కండెన్సర్ కూడా సరైన అంకెనే చూపిస్తుంది. ఇంజను వేడి తగిలాక లోపలి చుట్ట వదులై పని మానేస్తుంది. అప్పుడు పాయింట్ల మధ్య పసుపు రంగు నిప్పు లేస్తుంది, పాయింట్లు గుంటలు పడతాయి. కొనగానే వేడి నీళ్ల గిన్నె మీద ఒక చిన్న పళ్లెం పెట్టి, అందులో కండెన్సర్‌ను కాసేపు వేడెక్కనిచ్చి మళ్లీ కొలిస్తే చాలావరకు అక్కడే బయటపడుతుంది. పాయింట్ల సెట్టులో ఇంకో చిన్న మోసం ఉంది. ఇరుసు గడ్డల మీద రాసుకుంటూ తిరిగే ఫైబరు మడమ మెత్తటిదైతే త్వరగా అరిగిపోతుంది. 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఫీలర్ గేజితో పెట్టిన గ్యాపు కొద్ది రోజుల్లో మూసుకుపోయి, టైమింగు తప్పి, కారు బరువుగా లాగుతుంది. మెకానిక్కు మళ్లీ గ్యాపు పెడతాడు, మళ్లీ మూసుకుపోతుంది. యజమాని మెకానిక్కును తిడతాడు.

లోపం ఎక్కడ పుడుతుంది

కారు తయారైన కాలంలో ప్రతి భాగానికీ ఒక డ్రాయింగు ఉండేది. ఏ లోహం, ఎంత గట్టిదనం, కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చు అన్నది అందులో రాసి ఉండేది. ఆ డ్రాయింగు ప్రకారం రాని సరుకును కారు కంపెనీ తిప్పి పంపేది. తయారీ ఆగిపోయాక ఆ అదుపు పోయింది. ఇప్పుడు ఒక చిన్న కర్మాగారం ఆ భాగం చేయాలంటే, చేతికి దొరికిన ఒక నమూనా చూసి కాపీ చేస్తుంది. ఆ నమూనా వాడి తీసినదైతే అది ఎంతో కొంత అరిగే ఉంటుంది. ఉదాహరణకు మొదట 20 మిల్లీమీటర్లున్న పిన్ను అరిగి 19.9 అయిందనుకుందాం. కాపీ చేసేవారికి దొరికిన కొలత 19.9. ఇక ఆ అచ్చులోంచి వచ్చే ప్రతి పిన్నూ పుట్టుకతోనే అరిగిపోయినట్టు వస్తుంది. బిగించిన రోజే లొడలొడలాడుతుంది. మెకానిక్కు "బుష్షు పోయిందండీ" అని బుష్షు మారుస్తాడు, లొడ పోదు.

ఆకారం కంటికి కనబడుతుంది, గట్టిదనం కనబడదు. క్యామ్‌షాఫ్టు, టాపెట్లు, రాకర్ షాఫ్టు, కింగ్‌పిన్ లాంటివి పైపొర గట్టిపరిచిన ఉక్కుతోనో పోత ఇనుముతోనో ఉండాలి. కాపీలో ఆ పని మానేసినా, సగంలో వదిలేసినా చూపులకు తేడా ఏమీ ఉండదు. మెరుపు ఇంకా ఎక్కువే ఉండవచ్చు. లేతు షెడ్డులో పెద్దవాళ్లు దీన్ని నున్నటి ఆకురాయితో పట్టేస్తారు. పనికి అడ్డురాని అంచున ఆకురాయి ఒకసారి ఆనిస్తే, గట్టిపడిన ఉక్కు మీద అది జారిపోతుంది, మెత్తటి ఉక్కును కొరుకుతుంది. ఈ పరీక్ష షాపువారి ఎదుట, వారి ఒప్పుదలతో చేయాలి. ఇంటికి తెచ్చి గీతలు పెట్టాక వాపసు అడిగితే ఎవరూ తీసుకోరు.

ఇక పాత నిల్వ సరుకు. ఎప్పుడో మూసేసిన షాపు అటకమీద నుంచి, కంపెనీ పెట్టెలో, నూనె కాగితంలో చుట్టి ఉన్న అసలు భాగం దొరికితే ఆనందం పట్టలేం. లోహపు వస్తువైతే ఆ ఆనందం న్యాయమైనదే. గేర్లు, షాఫ్టులు, డోరు హ్యాండిళ్లు నిరభ్యంతరంగా కొనవచ్చు. రబ్బరైతే వద్దు. రబ్బరుకు వాడకంతో నిమిత్తం లేకుండా వయసు మీదపడుతుంది. గాలి తగిలి, ఎండిపోయి, పగుళ్లిస్తుంది. బ్రేకు వాషర్లు, హోసు పైపులు, ఆయిల్ సీళ్లు, పంపు డయాఫ్రం ఎంత అసలైనవైనా ముప్పై ఏళ్ల నాటివి బండిలో వేయకూడదు. హోసు పైపును వేళ్లతో వంచి చూస్తే సన్నటి పగుళ్లు నోరు తెరుస్తాయి.

లోపం ఉన్న సరుకు బజారులో ఎందుకు నిలబడుతుందన్నది కూడా అర్థం చేసుకోవాలి. తణుకులోని చిన్న షాపుకు సరుకు విజయవాడ ఆటోనగర్ నుంచి వస్తుంది, అక్కడికి కోల్‌కతా నుంచో ఢిల్లీ నుంచో చెన్నై నుంచో వస్తుంది. ఈ భాగాలు రోజూ అమ్ముడయ్యేవి కావు. ఒక కొనుగోలుదారు లోపం ఉందని తిరిగి తెస్తే, షాపువారు మంచితనంతో వేరేది ఇచ్చి, లోపమున్నదాన్ని అరలోనే పెట్టేస్తారు. వందల రూపాయల వస్తువును పార్సిలు ఖర్చు పెట్టుకుని ఢిల్లీకి ఎవరు పంపుతారు? ఆరు నెలలకు అదే వస్తువు మరొకరి కారులోకి వెళుతుంది. చేసినవారికి కబురే అందదు, అచ్చు మారదు. అందుకని వాపసు ఇచ్చేటప్పుడు దానిమీద లోపం ఏమిటో చెరగని ఇంకుతో రాసి ఇవ్వాలని నేను అడుగుతాను. కొందరు షాపువారు నొచ్చుకుంటారు. బ్రేకు, స్టీరింగు భాగాల విషయంలో మాత్రం ఆ మొహమాటానికి తావివ్వకూడదు, అది మరొకరి ప్రాణంతో ముడిపడిన సంగతి.

అన్నీ సరుకు లోపాలు కావు

కొత్త భాగం పాడైన ప్రతిసారీ తయారీదారును నిందించడం న్యాయం కాదు. చాలా రబ్బర్లను మన షెడ్లలో మనమే చంపుతున్నాం. బ్రేకు సిలిండర్ విప్పగానే కిరోసిన్‌లోనో డీజిల్‌లోనో పెట్రోలులోనో కడగడం అలవాటు. ఆ సిలిండర్‌లో వేసే వాషర్లు బ్రేకు ఆయిల్‌ను తట్టుకునే రబ్బరుతో చేసినవి, ఖనిజ నూనె సోకితే ఉబ్బి జిగురుగా మారతాయి. తడి ఆరకుండా, నూనె పొర మిగిలి ఉండగా కొత్త కిట్టు బిగిస్తే కొన్నాళ్లకే పెడల్ మెత్తబడుతుంది, లేదా బ్రేకు వదలకుండా పట్టేస్తుంది. విప్పి చూసి "డూప్లికేటు కిట్టు" అంటారు. కడగడానికి స్పిరిటు లేదా కొత్త బ్రేకు ఆయిలే వాడాలి. కిట్టు నిజంగా నాసిదా, కడగడంలో పొరపాటా తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. అదే కిట్టులో మిగిలిన వాషర్‌ను గాజు సీసాలో శుభ్రమైన బ్రేకు ఆయిల్ పోసి అందులో కొన్ని రోజులు నానబెట్టండి. నానబెట్టకముందూ, తర్వాతా దాని అడ్డుకొలతను వెర్నియరుతో (సన్న కొలతలు చూపే పరికరంతో) కొలవండి. పెద్దగా మారకపోతే కిట్టు మంచిదే.

బ్రేకు ఆయిల్ గురించి కూడా ఒక మాట. మనం వాడే డాట్ 3, డాట్ 4 ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. డాట్ 3 ప్రమాణం ప్రకారం తాజా ఆయిల్ కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగుతుంది. వానాకాలంలో గాలే తడిగుడ్డలా ఉండే మన డెల్టాలో మూత తీసి షెడ్డులో ఉంచిన సీసాను మళ్లీ వాడటం అంటే తేమను చేతులారా సిలిండర్లలోకి పోయడమే. కొత్త సిలిండర్ గోడలు లోపల గుంటలు పడటానికి ఇదొక కారణం. చిన్న సీసాలు కొని, మిగిలింది వదిలేయడం మేలు.

మరల తేడా ఇంకా ప్రమాదకరం. అంబాసిడర్ బ్రిటిష్ వంశానికి చెందింది, దాని మరలు ఎక్కువగా అంగుళాల లెక్కలోని యు.ఎన్.ఎఫ్. రకం. పద్మిని ఇటలీ వంశం, దానివి మిల్లీమీటర్ల మరలు. 3/8 అంగుళాల యు.ఎన్.ఎఫ్. మర వ్యాసం 9.525 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 చుట్లు, అంటే చుట్టుకు 1.058 మిల్లీమీటర్లు. బ్రేకు పైపుల్లో తరచుగా వచ్చే 10 మిల్లీమీటర్ల మరకు చుట్టుకు సరిగ్గా 1 మిల్లీమీటరు. పక్కపక్కన పెట్టినా కంటికి తేడా తెలియదు. అంగుళాల నట్టు మిల్లీమీటర్ల రంధ్రంలోకి సులువుగా ఎక్కుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. అత్యవసరంగా పెడల్ తొక్కిన రోజున మర తెగి ఊడివస్తుంది. కొత్త హోసు, కొత్త సిలిండర్ కొన్నప్పుడు మరల గేజి పెట్టి చూడకుండా బిగించకూడదు. ఆ గేజి ఖరీదు తక్కువ, ప్రతి షెడ్డులోనూ ఉండాలి.

కాయిల్ విషయంలోనూ పొరపాట్లు జరుగుతాయి. కొన్ని కాయిళ్లు సుమారు 3 ఓముల నిరోధంతో నేరుగా 12 వోల్టులకు కలిపేవి, కొన్ని సుమారు 1.5 ఓములతో, మధ్యలో కరెంటును తగ్గించే బాలస్టు రెసిస్టర్ ఉండాలనేవి. రెండో రకాన్ని నేరుగా కలిపితే చేయి పెట్టలేనంత వేడెక్కి పోతుంది. అది కాయిల్ లోపం కాదు. కొనేముందు మల్టీమీటరు పెట్టి చూస్తే నిమిషంలో తేలే విషయం.

డెల్టా గాలి, నీరు, పెట్రోలు

అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా తీరం వెంట ఉన్న ఊళ్లలో ఉప్పుగాలి కొత్త పాత తేడా చూడదు. ఇక్కడ కొత్త భాగపు పూత ఎంత మందమన్నదే అసలు పరీక్ష. బంపర్లకు క్రోమియం వేసేటప్పుడు అడుగున రాగి, నికెల్ పొరలు బాగా పడాలి, తుప్పును ఆపేది ఆ పొరలే. పైన పలచటి క్రోమియం మెరుపు కోసం. అడుగు పొరలు ఎగ్గొట్టిన బంపరు షాపులో అద్దంలా మెరిసి, ఒక వానాకాలం దాటేసరికి ఎర్రటి చుక్కలు తేలుతుంది. కొత్త మడ్‌గార్డులకు, డోర్లకు ఉండే నల్లరంగును చూసి ప్రైమరు అనుకుంటారు. చాలావరకు అది రవాణాలో తుప్పు పట్టకుండా పూసిన పూత మాత్రమే. దానిమీదే రంగు వేస్తే లోపలినుంచి పొక్కులు వస్తాయి. మొత్తం గీకించి, మంచి ప్రైమరు కొట్టించాలి. అంతకంటే ముందు, రంగు వేయకముందే ఆ మడ్‌గార్డును కారుకు బిగించి, డోరు తెరిచి మూసి, బానెట్టు దించి, సందులన్నీ సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. కాపీ రేకులు ఉన్నవి ఉన్నట్టు కూర్చోవడం తక్కువ, ఎక్కడో ఒకచోట సుత్తి దెబ్బ తప్పదు. రంగు వేశాక ఆ దెబ్బ కొట్టలేం.

తీరానికి దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన. ఆ నీళ్లు రేడియేటరులో పోస్తే కొత్త కోరు, కొత్త వాటర్ పంపు, కొత్త హెడ్ ప్యాకింగు అన్నిటినీ ఉప్పు త్వరగా తినేస్తుంది. శుద్ధ జలం, కూలెంటు కలిపి పోయాలి. వేడి ప్రాంతమని థర్మోస్టాట్ తీసేయించే అలవాటు కూడా మానుకోవాలి. అది లేకపోతే ఇంజను చాలాసేపు చల్లగానే నడిచి, పెట్రోలు ఎక్కువ తాగి, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. అయితే కొత్త థర్మోస్టాట్‌ను గుడ్డిగా నమ్మి బిగించకూడదన్నదీ నిజమే. దాని కవాటం సందులో ఒక దారం ఇరికించి, దారంతో గిన్నెలోని నీళ్లలో వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి పొయ్యి వెలిగించండి. దానిమీద చెక్కిన ఉష్ణోగ్రతకు అటూ ఇటూగా కవాటం తెరుచుకుని దారం జారి థర్మోస్టాట్ అడుక్కు పడాలి. నీళ్లు సలసలా కాగుతున్నా వేలాడుతూనే ఉంటే దాన్ని తిప్పి ఇచ్చేయండి. ఇంజనులో వేసి ఉంటే హెడ్డు వంకర తిరిగేది.

పెట్రోలు సంగతి ఈ మధ్య వచ్చిన చిక్కు. 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలును దేశంలో 2023 ఫిబ్రవరిలో ప్రారంభించారు, 2025 నాటికి బంకుల్లో మామూలుగా దొరికేది అదే అయింది. అంబాసిడర్, పద్మిని, హెరాల్డ్‌లను ఇంత ఇథనాల్ ఉన్న పెట్రోలు కోసం రూపొందించలేదు. పాత పద్ధతి రబ్బరుతో కొత్తగా చేసిన పెట్రోలు పైపు, పంపు డయాఫ్రం, కార్బ్యురేటర్ సూది కొసను ఇథనాల్ ఉబ్బించి మెత్తబరుస్తుంది. ఇలాంటి భాగం పాత కాలపు కొలతకు అచ్చంగా సరిపోయినా ఇప్పటి పెట్రోలుకు పనికిరాదు. లోపం దాని తయారీలో లేదు, దానికి వాడిన పదార్థంలో ఉంది. పైపు కొనేటప్పుడు దానిమీద అచ్చు చూడండి. ఇథనాల్‌ను తట్టుకునే ఫ్లోరోకార్బన్ రబ్బరు లోపలి పొర ఉన్న పైపుల మీద జె30 ఆర్9 అని ఉంటుంది. ఏమీ అచ్చు లేని నల్ల పైపు ఎంత చవకైనా వద్దు. వేడి ఇంజను పక్కన పెట్రోలు కారడమంటే నిప్పుతో చెలగాటం. ఇథనాల్ తేమను కూడా పీలుస్తుంది. వానాకాలమంతా కదలకుండా ఉంచే కారైతే ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిల్వ ఉంచకపోవడం మంచిది.

ఎలా కొనాలి, ఎలా బిగించాలి

పాత భాగాన్ని వెంట తీసుకుని షాపుకు వెళ్లండి. డ్రాయింగు మాయమైన చోట ఆ పాత వస్తువే మీకు మిగిలిన డ్రాయింగు. వెర్నియరుతో రెండింటినీ పక్కపక్కన కొలవండి, అరగని చోట్ల కొలతలు పోల్చండి. ఇంజను బేరింగుల పెట్టె మీద 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) అని రాసి ఉన్నా నమ్మకండి. ఒక్కొక్క బేరింగు వీపు మీద గుద్దిన సైజు చదవండి. ఒకే పెట్టెలో రెండు సైజులు రావడం విడ్డూరమేమీ కాదు. క్రాంకు గ్రైండింగుకు ఇచ్చే ముందే బేరింగులు కొని, వాటి కొలత చూపించి గ్రైండింగు చేయించేవాళ్లకు ఈ బాధ తక్కువ.

అన్నిటికీ ఆ కారు పేరున్న పెట్టె కోసమే వెతకనక్కరలేదు. డైనమోలో, వాటర్ పంపులో, గేరుబాక్సులో ఉండే బాల్ బేరింగుల్లో చాలావాటి మీద అంతర్జాతీయ నంబరు చెక్కి ఉంటుంది. 6203 అని ఉంటే, ఏ కంపెనీ చేసినా లోపలి వ్యాసం 17, బయటి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లే. భీమవరంలో రొయ్యల చెరువుల ఏరియేటర్లకు, రైసు మిల్లుల మోటార్లకు బేరింగులు అమ్మే షాపుల్లో ఆ నంబరు అడిగితే పేరున్న కంపెనీ సరుకు బిల్లుతో దొరుకుతుంది. ఆ షాపులో సరుకు రోజూ కదులుతుంది కాబట్టి పాతబడదు, చెడ్డదైతే రైతు ఊరుకోడు. ఆయిల్ సీళ్లూ అంతే, లోపలి, బయటి కొలతలు, మందం చెబితే చాలు. పాత కారు పేరు చెప్పి కొన్నదానికంటే ఇలా కొలత చెప్పి కొన్నదే నాకు ఎక్కువసార్లు మంచిదిగా తోచింది.

బిగించేటప్పుడు ఒకేసారి పది భాగాలు మార్చకండి. మార్చితే కారు ఆగినప్పుడు దోషి ఎవరో తెలియదు. ఇగ్నిషన్‌లో ఒకటి మార్చి కొంత దూరం వేడిమీద నడపండి, అది నిలిచాక తర్వాతది. ఇంజను పూర్తిగా విప్పి కట్టినప్పుడు ఇది సాధ్యం కాదు. అప్పుడు కనీసం పనిచేసే పాత డెల్కో, పాత కాయిల్, పాత కార్బ్యురేటరుతోనే మొదటిసారి స్టార్టు చేయండి. కొత్తవి తర్వాత ఒక్కొక్కటిగా వేయవచ్చు. తీసిన ప్రతి పాత భాగానికీ కాగితపు టేపు అంటించి తేదీ రాసి డబ్బాలో ఉంచండి. బ్రేకులకు ఇంకో జాగ్రత్త కావాలి. కొత్త భాగాలు వేశాక ఇంజను ఆపి ఉంచి పెడల్‌ను నిమిషం పాటు గట్టిగా తొక్కి పట్టండి. మెల్లగా కిందికి జారితే ఎక్కడో లోపల కారుతోంది. కొద్ది దూరం నడిపాక నాలుగు డ్రమ్ములనూ చేతితో జాగ్రత్తగా తాకి చూడండి. ఒక్కటే మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు వదలడం లేదు. లోపలి పొర ఉబ్బిన కొత్త హోసు తరచుగా ఈ పని చేస్తుంది, తొక్కినప్పుడు ఆయిల్‌ను వెళ్లనిచ్చి తిరిగి రానివ్వదు.

మంచి కొత్తది దొరకనప్పుడు పాతదాన్ని బాగుచేయించుకోవడానికి డెల్టా చాలా అనుకూలమైన చోటు. మిల్లులు, పడవల ఇంజన్లు, చెరువుల మోటార్లు ఉన్నంతకాలం ఇక్కడ లేతు పనివారికి పని తప్పదు, చేతి నైపుణ్యం పోదు. గుంటలు పడిన వీల్ సిలిండర్‌ను బోరింగు చేసి స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవు వేయించవచ్చు. గన్‌మెటల్ కడ్డీ నుంచి బుష్షు తిప్పించి, పిన్నుకు సరిపడా రీమరు కొట్టించవచ్చు. కాపీ పిన్నుకూ కాపీ బుష్షుకూ మధ్య రాజీ కుదర్చడం కంటే ఇది నూరుపాళ్లు నయం. పాత భాగం నిలుపుకోవడంలో మరో లాభం ఉంది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణ ప్రకారం 50 ఏళ్లు దాటి, మొదటి రూపంలోనే ఉండి, పెద్ద మార్పులు జరగని వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఆ దారిలో వెళ్లాలనుకునేవారికి అసలు భాగాలే ఆస్తి.

షాపువారు కాదన్నప్పుడు

ముందు ఫోటోలు తీసుకోండి, కొలత కనబడేలా పక్కన స్కేలు పెట్టి. భాగాన్ని గీకకండి, సాగదీయకండి, "కొంచెం ఆకురాయి పెడితే సరిపోతుంది" అనే సలహా వినకండి. చేయి పెట్టిన వస్తువుకు వాపసు హక్కు నిలబెట్టుకోవడం కష్టం. బిల్లు లేకుండా కొనడం అన్నిటికంటే పెద్ద చేటు. పాత కార్ల సామానులో చీటీ మీద రాసిచ్చే ధోరణి ఎక్కువ, పట్టుబట్టి బిల్లు అడగాలి, అందులో భాగం పేరు, ఏ కారుకన్నది రాయించాలి.

2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఈ విషయంలో పాత చట్టం కంటే మనకు ఎక్కువ ఉపయోగపడుతుంది. కొనుగోలుదారు తాను నివసించే లేదా పనిచేసే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. కాబట్టి ఢిల్లీ నుంచి పార్సిల్లో తెప్పించుకున్న సరుకు మీద అమలాపురం మనిషి ఢిల్లీ వెళ్లనక్కరలేదు. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. లోపం ఉందో లేదో పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే కమిషన్ ఆ వస్తువును ప్రయోగశాలకు పంపవచ్చు. అలాంటి కేసులను 5 నెలల్లో, మిగతావాటిని 3 నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్నవారికి తప్ప, వాణిజ్యం కోసం కొన్నవారికి ఈ చట్టం వర్తించదు, కారును పెళ్లిళ్లకు అద్దెకు తిప్పేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఇందులో ఉత్పత్తి బాధ్యత అనే అధ్యాయం పాత కార్లవారు చదవదగ్గది. లోపమున్న సరుకు వల్ల మనిషికి గాయమైనా, ఇతర ఆస్తికి నష్టం జరిగినా పరిహారం కోరవచ్చు. భాగం తనంతట తాను పాడవడం మాత్రం దీని కిందికి రాదు, దానికి మామూలు ఫిర్యాదే మార్గం. తయారీదారు ఎవరో తెలియనప్పుడు ఆ బాధ్యత అమ్మినవారి మీద పడుతుందని కూడా ఈ అధ్యాయంలో ఉంది. పేరూ ఊరూ లేని పెట్టెల్లో బ్రేకు కిట్లు అమ్మే షాపువారికి ఈ సంగతి మర్యాదగా చెబితే, చాలాసార్లు మాట అక్కడితోనే కుదురుతుంది. కుదరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. కమిషన్ దాకా వెళ్లవలసి వస్తే, ఆ భాగాన్ని తుడవకుండా, పెట్టె, బిల్లు, ఫోటోలతో కలిపి ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచండి. దాన్ని మీ కారు నుంచి విప్పిన మెకానిక్కు చేత ఏ తేదీన, ఏ స్థితిలో విప్పారో ఒక కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి.